ఆదిలాబాద్ నుంచి భద్రాచలానికి విమానంలో 25 నిమిషాలేనా?

ఉట్నూరు వాసి:
శ్రీరామనవమికి అమ్మను భద్రాచలం తీసుకువెళ్దామని దూరం వెతికితే, ఒక వెబ్ పేజీ ఆదిలాబాద్–భద్రాచలం మధ్య గగన దూరం 333 కిలోమీటర్లనీ, విమాన ప్రయాణం 25 నిమిషాలనీ చూపింది. విమానమే లేని రెండు ఊళ్ల మధ్య ఈ సమయం ఎక్కడిది? ఇది తప్పా, లేక లెక్క ప్రకారం ఒప్పేనా?

హనుమకొండ లెక్కల టీచర్:
దూరం ఒప్పు, సమయం తప్పు. ఆదిలాబాద్ అక్షాంశం 19.67 డిగ్రీలు, భద్రాచలానిది 17.67, ఆ రెండు డిగ్రీలూ ఉత్తర దక్షిణాలుగా 222 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 2.36 డిగ్రీలు, మన ప్రాంతంలో ఒక్కో డిగ్రీ సుమారు 105 కిలోమీటర్లు కనుక తూర్పు పడమరలుగా మరో 248. ఈ రెండూ భుజాలైతే కర్ణం 333 వస్తుంది. దానిని పెద్ద జెట్ విమానం అందుకొనే 800 కిలోమీటర్ల వేగంతో భాగించారు, 25 నిమిషాలు అలా పుట్టాయి. ఇంత దగ్గరి ఊళ్ల మధ్య ఆ విమానం పూర్తి వేగం అందుకొని కాస్త నిలదొక్కుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి. ఇటువంటి దూరాలకు మన దగ్గర నడిపేది గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్-72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం. శంషాబాద్ నుంచి గన్నవరం గగన దూరం 260 కిలోమీటర్ల చిల్లరే అయినా టైంటేబుల్‌లో దాదాపు గంట ఇస్తారు. పైగా ఆదిలాబాద్‌లో వైమానిక దళపు పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది గానీ ప్రయాణికుల విమానాలు లేవు, భద్రాచలంలో ఆ ఎయిర్‌స్ట్రిప్ కూడా లేదు.

మణుగూరు నుంచి:
టీచర్ గారి లెక్కతో ఏకీభవిస్తాను గానీ, ఇటువంటి పేజీలన్నీ వ్యర్థమని ఎవరైనా అంటే ఒప్పుకోను. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి, వంతెనపై రాకపోకలు ఆపేసినప్పుడు మాకు రోడ్డు దూరం అన్న మాటకే అర్థం లేకపోయింది. హెలికాప్టర్‌కు పనికొచ్చేది గగన దూరమే. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం సంగతి చూడండి. 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలోని నిబంధనను గగన దూరంలోనే కొలిచారు. వరంగల్ ఆ గీత లోపల పడడం వల్ల, 1981లో మూతపడిన విమానాశ్రయాన్ని తిరిగి తెరిచే అనుమతి 2025 ఫిబ్రవరి దాకా రాలేదు.

హనుమకొండ లెక్కల టీచర్:
గగన దూరం విషయంలో మీ మాట పూర్తిగా నిజమండీ. నా అభ్యంతరమంతా ఆ 25 నిమిషాల మీదనే, ఎందుకంటే దానిని నమ్మి ప్రయాణం అనుకునేవారు ఉంటారు. ‘భద్రాచలం రోడ్’ అన్న రైల్వే స్టేషన్ పేరు చూసి టికెట్ తీసుకొని, దిగాక అది కొత్తగూడెమని తెలిసి, మరో 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లిన పెద్దవాళ్లను నేను చూశాను. ఉట్నూరు సోదరా, ఆదిలాబాద్‌లో రైలు ఎక్కితే అది ముందు మహారాష్ట్రలోని ముద్ఖేడ్ వైపు పోయి, నిజామాబాద్, సికింద్రాబాద్ చుట్టూ తిరిగి వరంగల్ చేరుతుంది. రోడ్డు మీదనైతే ఆదిలాబాద్ నుంచి 400 కిలోమీటర్లు దాటుతుంది. అమ్మగారిని ఒక్క రోజులో అంత దూరం కూర్చోబెట్టకండి.

ఉట్నూరు వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మంచిర్యాల దాకా బస్సులో వచ్చి, అక్కడ వరంగల్ రైలు ఎక్కి, రాత్రికి అక్కడే ఆగి, తెల్లవారి భద్రాచలం బస్సు పట్టుకుంటాం. అమ్మకు రెండు రోజుల ప్రయాణమనే చెప్పాను.