గొల్లమ్ నోట ఏ తెలుగు మాట?

టోల్కీన్ నవలల్లో గొల్లమ్ అనే గుహజీవి పదే పదే అనే 'మై ప్రెషస్' తెలుగులో ఏమవుతుందని మొన్న ఇక్కడ అడిగితే చాలామంది 'నా అమూల్యమా' అన్నారు. నాకది ఒప్పడం లేదు. అది కాగితం మీది మాట. చీకటి గుహలో తనతో తనే మాట్లాడుకునేవాడి నోట పలకదు.

ఆ పిలుపు ఎవరినో ముందు తేలాలి. 1937లో 'ది హాబిట్' వచ్చినప్పుడు గొల్లమ్ అలా పిలుచుకున్నది తనని తానే. పొడుపుకథల పందెంలో ఓడితే తన మాయ ఉంగరం కథానాయకుడు బిల్బోకి ఇచ్చేస్తానని కూడా ఒప్పుకున్నాడు. తర్వాతి కథగా 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాస్తూ టోల్కీన్ అదే ఉంగరాన్ని లోకానికంతటికీ గండం చేశారు. అలాంటిదాన్ని ఎవరైనా పందెంలో పెడతారా? అందుకే 1951 ముద్రణలో ఆ అధ్యాయం తిరగరాశారు. ఇక ఆ పిలుపు వాడిదో ఉంగరానిదో విడదీయలేం.

1954లో వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి సంపుటంలో, మొదటి అధ్యాయంలోనే, ఉంగరాన్ని వదల్లేక బిల్బో ఆ మాటే అంటాడు. మాంత్రికుడు గాండాల్ఫ్ లోలోపల ఉలిక్కిపడతాడు. దాన్ని ఇదివరకూ అలా పిలిచినవాళ్లున్నారు, నువ్వు కాదు అంటాడు. కాబట్టి గొల్లమ్, బిల్బో ఇద్దరి నోటా ఒకే మాట ఉండి తీరాలి.

నా ఓటు 'బంగారం'కే. 'నా బంగారం కదూ, ఇంకొక్క ముద్ద' అని పిల్లల్ని బతిమాలే మాట అది. తనని తాను బుజ్జగించుకోవడానికీ సరిపోతుంది, పైగా ఉంగరమూ బంగారమే. 'ప్రెషస్'లోని సకారాన్ని గొల్లమ్ బుసకొడుతూ పలుకుతాడు; 'బంగారం'లో సకారం లేదు, నిజమే. ఆ బుసని 'ఏమిస్స్ ఇదీ, బంగారం?' అని పక్క మాటకి ఇవ్వొచ్చు.

చిక్కంతా ఇసిల్దూర్ దగ్గర. ఆ ఉంగరాన్ని చేసిన దుష్టుడు సౌరాన్ చేతి నుంచి దాన్ని కోసి తీసుకున్న రాజు ఇతను; చెయ్యి కాలిన బాధలో రాసుకున్న రాతలోనూ అదే విశేషణం ఉంది. రాజు 'నాకిది బంగారం' అని రాస్తే లోహం పేరు చెప్పినట్టుంటుంది. అక్కడ 'ప్రియం' ఎంత బాగా కుదురుతుందో చూడండి. ఇష్టమైనదీ ప్రియమే, ధర పెరిగినదీ ప్రియమే. తెలంగాణలో 'ఉల్లిగడ్డ పిరమైంది' అనేది ఈ మాటనే. బాధపడి కొనుక్కున్న వస్తువుకి ఇంతకన్నా ఏం కావాలి? కానీ అలా మారిస్తే రాజు నుంచి బిల్బో దాకా వచ్చిన తీగ తెగిపోతుంది.

ప్రస్తుతానికి 'బంగారమంత ప్రియం' అనుకుంటున్నాను. ఒక మాట పనికి రెండు మాటలు పడుతున్నాయి. ఇంతకన్నా పొట్టిది మీకు తడితే రాయండి.