లైబ్రరీ రాత్రి 10 దాకా, అమ్మాయిల హాస్టల్ గేటు 6.30కే: ఇది భద్రతేనా?

ఈసీఈ_మూడో_ఏడు:
మాది హైవే పక్కన, ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ప్రైవేట్ యూనివర్సిటీ. అన్ని బ్రాంచీలూ కలిపినా రెండు వేల మంది ఉండం. పేరు రాయడం లేదు. ఇలాంటి రూల్ మా ఒక్క చోటే లేదని ఇక్కడ చాలామందికి తెలుసు.

క్లాసులు 4.40కి అయిపోతాయి. ల్యాబ్ ఉన్న రోజు ఐదు దాటుతుంది. హాస్టల్‌కి వెళ్లి, మొహం కడుక్కుని, మెస్‌లో టీ తాగి లైబ్రరీకి వచ్చేసరికి 5.30. మళ్లీ 6.15కల్లా బ్యాగ్ సర్దుకోవాలి. 6.30కి గేటు దగ్గర బయోమెట్రిక్. ఐదు నిమిషాలు లేటైతే ఇంటికి మెసేజ్ వెళ్తుంది. అబ్బాయిల హాస్టల్ గేటు 9.30కి వేస్తారు. లైబ్రరీ మాత్రం 10 దాకా తెరిచే ఉంటుంది. లైబ్రరీ ఫీజు అందరం ఒకటే కడుతున్నాం. నాకు దక్కేది రోజుకు ముక్కాలు గంట.

నేను ఊళ్లోకి వెళ్తానని అడగడం లేదు. హాస్టల్, లైబ్రరీ ఒకే కాంపౌండ్ గోడ లోపల ఉన్నాయి. నడుస్తూ లెక్కపెట్టాను, 410 అడుగులు పడ్డాయి.

ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షకు చదువుతున్నాను. నాకు కావాల్సిన పుస్తకాలు రిఫరెన్స్ సెక్షన్‌లో ఉంటాయి, బయటకు ఇవ్వరు. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ వేసే పరిశోధన పేపర్లు క్యాంపస్ నెట్‌వర్క్‌లోనే తెరుచుకుంటాయి, మా హాస్టల్ వైఫై ఆ నెట్‌వర్క్‌లో లేదు. పోయిన సెమ్‌లో 24 గంటల హ్యాకథాన్, అంటే టీమ్‌గా ఆపకుండా ప్రాజెక్టు చేసే పోటీ, పెట్టారు. మా టీమ్‌లో నలుగురం, అందులో ఇద్దరం అమ్మాయిలం. సెన్సర్ బోర్డు నా చేతిలో సగం పూర్తయి ఉండగా 6.20కి మేడం వచ్చి మమ్మల్ని తీసుకెళ్లిపోయారు. మర్నాడు పొద్దున ఏడింటికి వెళ్లేసరికి అబ్బాయిలు వాళ్లకు తోచినట్టు దాన్ని పూర్తి చేసి ఉన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ అది నేను మొదలుపెట్టిన పని. సర్టిఫికెట్ మీద నా పేరు ఉంది, దాన్ని చూస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇది నిజంగా మా భద్రత కోసమేనా? మీరంతా ఏమంటారు?

ఇద్దరాడపిల్లల_నాన్న:
అమ్మా, నీ బాధ అర్థమైంది. అయినా నేను ఒప్పుకోను. మా చిన్నమ్మాయి ఇలాంటి యూనివర్సిటీ హాస్టల్‌లోనే ఉంటుంది. చేర్చే ముందు నాలుగు కాలేజీలు తిరిగాం. ప్లేస్‌మెంట్ల గురించి తర్వాత అడిగాను, ముందు గేటు ఎన్నింటికి వేస్తారని అడిగాను. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక అమ్మాయి మీద జరిగిన ఘోరం తర్వాత మా ఇంట్లో వారం రోజులు ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. హాస్టల్ నుంచి 'ఇన్' అని మెసేజ్ వస్తే ఆ రాత్రికి నాకు టెన్షన్ తగ్గుతుంది. 150 కిలోమీటర్ల దూరాన ఉన్నవాణ్ణి, నాకు దక్కే ధైర్యం అదొక్కటే. పుస్తకాలు పగలు చదువుకోవచ్చు కదా తల్లీ.

సివిల్_చివరి_ఏడు:
అంకుల్, పగలు ఎప్పుడు? 9 నుంచి 4.40 దాకా క్లాసులు, మధ్యలో 50 నిమిషాలు లంచ్. అందులో మెస్ క్యూకే సగం పోతుంది.

నేను అబ్బాయిని. మా లైబ్రరీలో 6.15కి కుర్చీలు జరిపే చప్పుడు రోజూ వింటాను. పది నిమిషాల్లో సగం టేబుళ్లు ఖాళీ అవుతాయి. మేజర్ ప్రాజెక్టులో మా టీమ్ అమ్మాయి డిజైన్ లెక్కలన్నీ చేసింది. సాఫ్ట్‌వేర్ ల్యాబ్ సాయంత్రం ఏడు తర్వాతే ఖాళీ దొరుకుతుంది కాబట్టి స్టాడ్‌ప్రో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ నేను చేశాను. వైవాలో ప్రశ్నలన్నీ మోడల్ మీదే అడిగారు. ఎక్కువ మార్కులు నాకు వచ్చాయి. అది న్యాయం కాదని నాకు అప్పుడే తెలుసు, అక్కడ నోరు తెరిచి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

పదకొండేళ్లు_వార్డెన్:
ఒక ప్రైవేట్ కాలేజీ లేడీస్ హాస్టల్‌లో పదకొండేళ్లు పనిచేశాను. గేటుకు తాళం వేసిన చెయ్యి నాదే, కాబట్టి నాకు తెలిసింది రాస్తాను.

6.30 అనేది ఆడపిల్లల భద్రత గురించి ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన టైం కాదు. మా దగ్గర అది సెక్యూరిటీ షిఫ్ట్ మారే టైం. పగలు గేటు దగ్గర ఇద్దరుండేవారు, అందులో ఒకామె ఆడమనిషి. రాత్రికి ఒక్కడే. ఏజెన్సీ మనిషి, రెండు మూడు నెలలకు మారిపోయేవాడు. లోపల నేను, ఒక ఆయా, రెండు వందల పైచిలుకు పిల్లలు. ఒక రాత్రి ఒకమ్మాయికి ఫిట్స్ వస్తే ఆయమ్మను తోడు తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. మొత్తం హాస్టల్‌ని ఇద్దరు ఫైనల్ ఇయర్ పిల్లలకు అప్పజెప్పి వెళ్లాల్సి వచ్చింది. ఆ పరిస్థితిలో గేటు తెరిచి ఉంచండి అంటే నాకు భయం వేయదా? మనుషులు లేని లోటును తాళంతో పూడ్చుకున్నాం.

ఇక దారి సంగతి. లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా ఏడు కరెంటు స్తంభాలుంటే నాలుగింటికి లైట్లు వెలిగేవి కావు. వానాకాలం ఆ పక్క గడ్డిలో కట్లపాములు తిరిగేవి, కుక్కలు వెంటపడేవి. లైట్ల కోసం మూడుసార్లు కాగితం పెట్టాను. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ టీమ్ వస్తోందన్న వారంలో వేశారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక ఏడాది సెమిస్టర్ పరీక్షలప్పుడు, ప్రిన్సిపాల్ గారిని బతిమాలి, మూడు వారాలు లైబ్రరీ పర్మిషన్ తీసుకున్నాను. వెళ్లే పిల్లలు నా రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, లైబ్రరీలో ఇంకో సంతకం. 8.30కి ఆయమ్మ వెళ్లి అందర్నీ గుంపుగా తీసుకొచ్చేది. మూడు వారాల్లో ఒక్క కంప్లైంట్ లేదు. ఆ తర్వాతి ఏడాది ప్రిన్సిపాల్ మారారు, అడిగితే 'ఇప్పుడెందుకమ్మా కొత్త తలనొప్పి' అన్నారు. నేను మళ్లీ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నాన్నగారూ, మీకు వచ్చే 'ఇన్' మెసేజ్ మీ అమ్మాయి లోపల ఉందని చెబుతుంది. లోపల ఆమెను చూసుకోవడానికి ఎంతమంది ఉన్నారో చెప్పదు. ఈసారి వెళ్లినప్పుడు గేటు టైంతో పాటు అది కూడా అడగండి.

లా_నాలుగో_ఏడు:
చట్టం సంగతి చెబుతాను. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తెచ్చిన 2015 నిబంధనలు 2016 మేలో అమల్లోకి వచ్చాయి. భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిలకు పెట్టకూడదని వాటిలో సూటిగా రాసి ఉంది. 2013లో యూజీసీ టాస్క్‌ఫోర్స్ ఇచ్చిన 'సక్షమ్' నివేదిక కూడా ఇదే చెప్పింది. ఈసీఈ అక్కకు ఇంకా పనికొచ్చే మాట ఒకటుంది: విద్యార్థులు పొద్దుపోయేదాకా లైబ్రరీల్లో, ల్యాబుల్లో పని చేసుకునేలా నమ్మకమైన రవాణా ఏర్పాటు గురించి సంస్థలు ఆలోచించాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి.

కేరళలో కోళికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు గేటు టైం మీద హైకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగా 2022 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం మెడికల్ కాలేజీ హాస్టళ్ల వేళలు ఆడా మగా ఇద్దరికీ ఒకేలా ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. అది మన యూనివర్సిటీలకు వర్తించదు. యూజీసీ నిబంధనలు మాత్రం మనకూ ఉన్నాయి. లెటర్ రాస్తే వాటి పేరు, సంవత్సరం తప్పకుండా రాయండి.

ఇద్దరాడపిల్లల_నాన్న:
వార్డెన్ మేడం, మీరు చెప్పింది చదివాక ఇందాక అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. రాత్రిపూట వాళ్ల బ్లాక్‌కి ఒక్క మేడమే అట. నాకు తెలియదు.

అయినా నా మాట మారలేదు. రూల్ కాగితం మీద ఉంటే సరిపోదు, ఏదైనా జరిగితే యూజీసీ వచ్చి మా పక్కన నిలబడదు. ముందు లైట్లు వేయండి, మనుషుల్ని పెట్టండి, ఆ తర్వాత గేటు తెరవండి. వరస తిరగేయొద్దు.

పీజీ_గచ్చిబౌలి:
నేను బీటెక్ ఇలాంటి 6.30 గేటున్న కాలేజీలోనే చేశాను. పీజీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో. మొదటి వారం రాత్రి లైబ్రరీ నుంచి ఒక్కదాన్నే నడిచి వస్తుంటే కాళ్లు వాటంతటవే పరుగెత్తాయి. ఎవరూ వెంటపడలేదు, ఏమీ జరగలేదు. నాలుగేళ్లు నాకు నేర్పింది ఆ పరుగే. సైకిళ్ల మీద నా పక్కనుంచే వెళ్లిపోతున్న అమ్మాయిలను చూస్తూ చూస్తూ, అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. ఉద్యోగంలో చేరితే షిఫ్టు అయ్యేసరికి తొమ్మిదవుతుంది అంకుల్. చీకట్లో నడవడం క్యాంపస్ గోడ లోపల నేర్చుకుంటే మేలా, ఆ రోజు రోడ్డు మీద నేర్చుకుంటే మేలా?

సివిల్_చివరి_ఏడు:
అక్కా, అది సెంట్రల్ యూనివర్సిటీ. ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. మా లాంటి చిన్న చోట ఇంకో ఇద్దరు గార్డులంటే వచ్చే ఏడు హాస్టల్ ఫీజులో కలుపుతారేమో. ఆ భయం కూడా ఉంది.

పదకొండేళ్లు_వార్డెన్:
బాబూ, క్యాంపస్ అంతటికీ గార్డులు అక్కర్లేదు. ఒక దారి, ఒక ఆయమ్మ, రోజుకు మూడు గంటలు ఎక్కువ పని. ఆ మూడు గంటలకు ఆమెకు విడిగా డబ్బులు ఇవ్వాలి. మా దగ్గర ఆ మూడు వారాలూ ఆయమ్మ ఊరికే చేసింది, అది తప్పు.

ఈసీఈ_మూడో_ఏడు:
అందరివీ రెండుసార్లు చదివాను. నాన్నగారూ, మీరు చెప్పిన వరసకు నేను ఒప్పుకుంటున్నాను, ఒక్కటి తప్ప: ఆ వరసకు తేదీ ఉండాలి. 'ముందు లైట్లు' అని ఆగితే నేను పాస్ అవుట్ అయిపోతాను, నా తర్వాత వచ్చే చెల్లెలూ ఇదే రాస్తుంది.

మా దారిలో స్తంభాలు నిన్న చూశాను. తొమ్మిదిలో మూడు వెలగడం లేదు. మెస్ దాటాక మలుపు దగ్గర రెండు వరసగా లేవు. లెటర్‌లో ఇవి రాస్తున్నాను: ఆ మూడు లైట్లు నెలలోపు వేయాలి. లైబ్రరీకి వెళ్లే అమ్మాయిలకు గేటు 9.30 దాకా తెరవాలి. రెండు చోట్లా రిజిస్టర్, 8కి ఒకసారి, 9.15కి ఒకసారి ఆయమ్మతో గుంపుగా తిరిగి రావడం. ఆయమ్మకు ఆ గంటల జీతం. ఇంటికి ఒక్క మెసేజ్ బదులు రెండు, లైబ్రరీలో ఉన్నప్పుడు ఒకటి, హాస్టల్‌కి చేరినప్పుడు ఒకటి. మిడ్ పరీక్షలు అయ్యేదాకా ఇలా నడిపి చూడమని అడుగుతాం. యూజీసీ నిబంధనల పేరు పెడతాను. సీనియర్లతో పాటు పేరెంట్స్ సంతకాలు కూడా కావాలి, లేకపోతే 'మీ ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు' అని పంపించేస్తారు.

నాన్నగారూ, మీది మా యూనివర్సిటీ కాకపోయినా ఒకటి అడుగుతాను. ఆ రెండు మెసేజ్‌లు వస్తే మీకు నిద్ర పడుతుందా?

ఇద్దరాడపిల్లల_నాన్న:
రెండోది వచ్చేదాకా పట్టదు తల్లీ. వచ్చాక పడుతుంది.

పెదపల్లె_అమ్మ:
నేను ఇన్నాళ్లూ చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మా అమ్మాయి మీ యూనివర్సిటీలోనే రెండో ఏడు చదువుతోంది అనుకుంటా, ఆ మెస్ దాటాక మలుపు గురించి అదీ చెప్పింది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు లైబ్రరీ సంగతి ఎత్తితే 'హాస్టల్లోనే చదువుకో' అని కసిరాను. గదిలో నలుగురు ఉంటారని, ఒకే ట్యూబ్‌లైటని అప్పుడు చెప్పలేదు, నిన్న అడిగితే చెప్పింది. నేను సంతకం పెడతాను. లెటర్ తెలుగులో కూడా రాయమ్మా. మా ఊరి నుంచి మరో ఇద్దరి పిల్లలు అక్కడ చదువుతున్నారు, వాళ్ల అమ్మలకు నేనే చదివి వినిపిస్తాను.