బెంగుళూరు పెంకు: ఊరు తప్పా, మన చెవి తప్పా?

పోయిన నెల మా పాత వంటిల్లు విప్పించాం. దించిన పెంకు ఒకటి కడిగి తిరగేస్తే, వెనక ఇంగ్లీషు అక్షరాల్లో రాజమండ్రి అని ఉంది. మా ఇంట్లో మాత్రం తాతల నాటి నుంచీ అది బెంగుళూరు పెంకే. ఈ పేరు ఎలా వచ్చిందంటారు? మీ వైపు ఏమంటారు?

నాకెందుకింత పట్టింపు అంటే, నేను పెరిగింది గోదావరి గట్టున, పెంకుల ఫ్యాక్టరీ పక్కన. రేవులో ఒక పడవ మట్టి దింపుతుంటే ఇంకోటి కట్టెలు దింపేది. ప్రెస్సు షెడ్డు గుమ్మం దాకా మమ్మల్ని రానిచ్చేవారు. ప్రెస్సు పైన పెద్ద ఇనపచక్రం. ఇద్దరు దాన్ని గిర్రున తిప్పితే మర దిగి, అచ్చులో పెట్టిన మట్టిబిళ్ళని నొక్కేది. పచ్చిపెంకుని చెక్కచట్రం మీదికి తీసి, అంచులు కోసేవారు. ఆ కోసిన మట్టి మాది. దాంతో ఎడ్లబళ్ళు చేసి బట్టీ గోడ వారన పెట్టేవాళ్ళం. ఒక్కటీ పగలకుండా కాలిన పాపాన పోలేదు.

బట్టీ విప్పిన రోజు ఒక ముసలాయన పీట వేసుకుని కూర్చుని, ఒక్కో పెంకునీ వేలి కణుపుతో కొట్టి వినేవాడు. ఖంగుమంటే కుడి పక్కకి, బొత్తిగా మోగకపోతే ఎడమ పక్కకి. ఆ ఎడమ గుట్టకి మేం పెట్టుకున్న పేరు ‘మూగ పెంకులు’.

అందరూ శ్లాబులేయించుకోవడం మొదలెట్టాక పెంకులెవరు కొంటారు! పొగగొట్టం ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంటు.

*

మా తెనాలి వైపు బంగాళా పెంకు అంటామండీ. బంగళాలకి వేసేది కాబట్టి అని మా నాన్నగారు చెప్పేవారు.

*

మా వరంగల్ దిక్కు గూన అంటరు. కుమ్మరోళ్ళు చేసింది ఉత్త గూన, ఫ్యాక్టరీది బెంగుళూరు గూన. కోతులకు రెండూ ఒక్కటే, ఏదైనా పగలగొడ్తయి.

*

ఇందులో చర్చకేముందండీ? అది మంగుళూరు పెంకు. బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ సంఘం వాళ్ళు 1865లో మంగుళూరులో, నేత్రావతి నది మట్టితో మొదలెట్టారు. జార్జి ప్లెబ్స్ట్ అనే జర్మన్ ఆయన చేయించాడు. మనవాళ్ళ నోట్లో ‘మ’ కాస్తా ‘బ’ అయింది. అంతే.

*

‘అంతే’ దగ్గరే నాకు పేచీ. మంగుళూరు మూలమన్నది ఒప్పుకుంటాను. కానీ నోరు తిరక్క మారిందంటే నమ్మను. మంగళవారం, మంగలి, మంగళసూత్రం చక్కగా పలికే నోటికి మంగుళూరు కష్టమా?

క్యాప్సికాన్ని బెంగుళూరు మిర్చి అంటాం. సీమ వంకాయని బెంగుళూరు వంకాయ అంటాం. అది మెక్సికో వైపు కాయ, బెంగుళూరుకీ చుట్టపుచూపుగా వచ్చిందే. అంటే ఒకప్పుడు ‘సీమ’ చేసిన పనిని తర్వాత ‘బెంగుళూరు’ అందుకుంది: మన ఊళ్ళో పుట్టనిది, కొత్తరకం, కాస్త దర్జా అయినది అని చెప్పడం. మంగుళూరు పేరు చెవిన పడ్డప్పుడు, అప్పటికే సిద్ధంగా ఉన్న బెంగుళూరు దాన్ని మింగేసి ఉంటుంది. ఇది నా ఊహే, రుజువు అడక్కండి.

తెనాలి వారి బంగాళా ఇంకా తమాషా. బంగళా అన్న మాటే బెంగాల్ నుంచి వచ్చింది. అక్కడి గడ్డికప్పు ఇంటి పేరు, చివరికి మన పెంకు నెత్తినెక్కింది! ఆ మాటకొస్తే ఒకదాని పెదవిలో ఒకటి కూర్చునే ఈ తరహా పెంకుకి 1841లోనే ఫ్రాన్సులో గిలార్డొని అన్నదమ్ములు పేటెంటు తీసుకున్నారు. మట్టి మాత్రం గోదావరిది, పాపం దాని పేరెవరూ పెట్టలేదు.

*

బాగుందండీ. ఇంతకీ ఆ దించిన పెంకు కొట్టి చూశారా?

*

చూడకుండా ఉంటానా! మూగదే. ఓ మూల సన్నటి నెర్రె ఉంది, ముసలాయన చెవి తప్పించుకుని మా ఇంటిమీదికెక్కినట్టుంది. నాకు తెలిసి ఆ మూల ఎప్పుడూ కారలేదు.