బండబారిన మైదానం: తొలకరికి మొక్కలు నాటేయాలా, ఆగాలా?

ప్రశ్న:
నగరం మధ్యలో 40 హెక్టార్ల మైదానం. సగానికి పైగా గడ్డి, ఒక పక్క లాంటానా, సుబాబుల్ (మన మొక్కలను అణిచేస్తూ పాకే విదేశీ జాతులు). బండ్లు తిరిగిన చోట నేల బండబారి వాననీరు ఇంకట్లేదు. వచ్చే తొలకరికి 20,000 మొక్కలు నాటుదామంటున్నారు. నాటవచ్చా? లాంటానాను జేసీబీతో పెకిలించేస్తే సరిపోతుందా?

జవాబు 1:
ఈ తొలకరికి వద్దండి. ముందు ఏడాదిపాటు ఏ మొక్క ఎక్కడుంది, నీరు ఎటు పారుతోంది, పిట్టలు ఎక్కడ గూడు కడుతున్నాయి అన్నది పటం మీద గుర్తించండి. పాత గడ్డి నేలలో ఒక్క చెట్టూ నాటకండి. దాన్ని ఖాళీ జాగా అనుకోవడమే పెద్ద పొరపాటు. నీడ పడితే ఎండ కోరే గడ్డి చచ్చిపోతుంది, దాన్ని నమ్ముకున్న పురుగూ పిట్టా పోతాయి.

జవాబు 2:
నేల సంగతి. 15 సెం.మీ. వ్యాసమున్న పైపు ముక్కను 7-8 సెం.మీ. లోతు దిగ్గొట్టి 450 మి.లీ. నీళ్లు పోయండి. అంటే సుమారు 25 మి.మీ. వాన. అవి ఇంకాక మళ్లీ అంతే పోసి, ఈ రెండోసారి పట్టిన సమయాన్నే లెక్కలోకి తీసుకోండి. గంట దాటితే నేల బిగుసుకుపోయిందేమోనని అనుమానించాలి. అక్కడ మాత్రం వాలుకు అడ్డంగా మట్టిని తిరగేయకుండా లోతుగా చీల్చే నాగలి (సబ్‌సాయిలర్)తో 40-50 సెం.మీ. లోతు చీల్చండి, అదీ నేల పొడిగా ఉన్నప్పుడే. తడి బంకమట్టిని దున్నితే ఇంకా గట్టిపడుతుంది. ఉన్న చెట్ల కొమ్మల కింద దున్నకండి, వేర్లు తెగుతాయి.

జవాబు 3:
జేసీబీ వద్దు. మట్టి తిరగబడితే అడుగున నిద్రపోతున్న విత్తనాలు చాలావరకు ఒక్కసారి మొలకెత్తుతాయి. లాంటానా తల్లివేరును మొదలుకు 3-5 సెం.మీ. కింద పారతో నరికి, పొదను తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. కాయ పండకముందే ఈ పని అయిపోవాలి. సుబాబుల్‌ను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. దాని విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి వాన పడ్డాక లేత మొలకలను చేత్తో పీకుతూనే ఉండాలి. మూడేళ్లు తిరిగి తిరిగి పీకగలిగినంత మేరే శుభ్రం చేయండి. ఖాళీ చేసి వదిలేస్తే వయ్యారిభామ ఆక్రమిస్తుంది. ఆ మైదానంలోనే సేకరించి నీడన ఆరబెట్టిన గడ్డి విత్తనాన్ని ఇసుకలో కలిపి వెంటనే చల్లండి. ఎరువు వేయకండి, కలుపే ముందు బలుస్తుంది.

జవాబు 4:
చట్టరక్షణ కూడా చూడండి. బెర్లిన్‌లో మూతపడ్డ టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం, 300 హెక్టార్లకు పైనే, 2014 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాతే భవనాల బారి నుంచి తప్పించుకుంది. అక్కడ జనం తిరుగుతారు, కానీ నేలమీద గూడుకట్టే పిట్టలున్న గడ్డిలోకి గుడ్లు పెట్టే కాలంలో ఎవరినీ వెళ్లనివ్వరు. మీరూ ముందు కాలిబాటలు గుర్తించండి. లేకపోతే చీల్చిన నేల మళ్లీ అడుగుల కింద బిగుసుకుంటుంది.