పిండి ‘కలపడం’ అనే మాటకు ఇంకో మాట కావాలి

అందరికీ నమస్కారం. వంట మాటల మీద ఒక సందేహం. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మేముండేది అట్లాంటా దగ్గర. ఇక్కడివాళ్ళు పొద్దున టిఫిన్‌కి బిస్కెట్ తింటారు. మనం టీలో ముంచుకునేది కాదు, దాన్ని వీళ్ళు కుకీ అంటారు. ఇది అరచేతిలో పట్టేంత ఉంటుంది, బాగా పొంగి, పైన ఎర్రగా కాలి, లోపల తెల్లగా మెత్తగా పొరలు పొరలుగా ఉంటుంది. వేడి మీదే మధ్యకు విప్పి వెన్నో తేనో జామో రాసుకుంటారు, లేదంటే పాలు, మైదాతో చేసిన తెల్లటి గ్రేవీ పోసుకుంటారు. విజయవాడలో మా చెల్లి కొత్తగా ఓవెన్ కొనుక్కుని, అక్కా ఎలా చేయాలో రాసి పంపు అంది. అమ్మ కూడా చదువుకుంటుందని తెలుగులోనే రాశాను. అందులో ఒక వాక్యం ఇది: ‘మైదాలో బేకింగ్ పౌడర్, ఉప్పు, చల్లటి వెన్న వేసి, మజ్జిగ పోసి పిండి కలపాలి.’

ఆదివారం ఫోన్ చేసింది. రాళ్ళలా వచ్చాయట, అమ్మ పళ్ళకు ఆనలేదట. ఎంతసేపు కలిపావే అని అడిగితే, “పది నిమిషాలు బాగా పిసికి, చపాతీ పిండిలా నున్నగా అయ్యాక తడిగుడ్డ కప్పి అరగంట నానబెట్టాను” అంది.

తప్పు దానిది కాదు, నాది. మనింట్లో ‘పిండి కలిపావా’ అంటే అర్థం అదే కదా! నీళ్ళు పోసి ఒకటి చేయడమూ కలపడమే, మోచేతి బలమంతా పెట్టి పిసకడమూ కలపడమే. బొబ్బట్ల తోపు అయితే పిసికిన కొద్దీ సాగుతుంది, అక్కడ మనకు కావాల్సిందీ ఆ సాగుడే. గోధుమలోని మాంసకృత్తులు తడిసి, చెయ్యి పడేసరికి తీగల్లా అల్లుకుంటాయి, అదే గ్లూటెన్. బిస్కెట్‌కి మాత్రం ఆ అల్లిక ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఇక్కడ అమెరికా దక్షిణాది ఇళ్ళలో మాంసకృత్తులు తక్కువుండే మెత్తరకం గోధుమ పిండి ఏరికోరి వాడేది అందుకే. 1883లో టెన్నెసీలోని నాక్స్‌విల్‌లో మొదలైన వైట్ లిలీ పిండి ఇప్పటికీ చాలామందికి కావాలి.

ఇంతకీ నా ప్రశ్న: తడి, పొడి ఒకటయ్యేదాకా మాత్రమే కలిపి, అక్కడితో చెయ్యి తీసేయాలి అని చెప్పడానికి మీ ఇళ్ళలో ఏ మాట వాడతారు?

—

మా అమ్మమ్మ (తెనాలి వైపు) ‘దగ్గరకు తియ్యడం’ అనేదండీ. చెక్కల పిండికి వాడేది. “పిసక్కు, దగ్గరకు తియ్యి చాలు” అనేది. పిండి గిన్నె అంచుల్ని వదిలి మధ్యకు చేరితే అయిపోయినట్టే. మీకు కావాల్సింది ఇదేననిపిస్తోంది.

—

అక్కా, మాది వరంగల్. నాకైతే మీరు రాసిన ‘మజ్జిగ’ మీదనే డౌట్ ఉంది. మీ చెల్లె ఏం పోసింది? మా ఇంట్ల సల్ల అంటే పెరుగు చిలికి, వెన్న తీసి, మస్తు నీళ్ళు పోసి తాగేది. చల్లకొచ్చి ముంత దాచినట్టు అనే సామెతల ఉన్నది గా చల్లనే. అమెరికాల డబ్బాల అమ్మేది గట్లుండదు కదా?

—

అన్నా, సరిగ్గా పట్టుకున్నారు. ఫోన్ చేసి అడిగితే అది పోసింది తాగే మజ్జిగే, అల్లం, కరివేపాకు వేయలేదు అంతే. ఇక్కడా పూర్వం వెన్న చిలికాక మిగిలినదాన్నే వాడేవాళ్ళు, మన చల్లకు అక్కచెల్లెల్లాంటిదే. ఇప్పుడు దుకాణంలో దొరికేది మాత్రం పాలను పులియబెట్టి చిక్కగా చేసినది, గరిటెతో పోస్తే ధారగా జారుతుంది గానీ నీళ్ళలా పారదు. వంటసోడా పొంగాలంటే ఆ పులుపు ఉండాలి. కాబట్టి తెలుగులో ‘నీళ్ళు కలపని, చిలికిన పుల్లపెరుగు, మరీ గట్టిగా ఉంటే కొంచెం పాలు’ అని రాయాలి. మజ్జిగ అనే మాట ఇక్కడ పనికిరాదు.

—

వెన్న సంగతి కూడా అడగాలి మేడం. ‘చల్లటి వెన్న వేసి’ అని ఊరుకుంటే జంతికల పిండిలో వేసినట్టు కాచి పోస్తారు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, అప్పుడే గుల్లగా వస్తాయి అని మనకు అలవాటు. వేళ్ళతో నలపాలి అని రాయండి.

—

నలపడం దగ్గర నాకు కొంచెం పేచీ ఉందండీ. నలిపితే చేతి వేడికి వెన్న కరిగి పిండి అంతా ఒకేలా పట్టేస్తుంది. అప్పుడు మీరన్న గుల్లదనం వస్తుంది, జంతికకు అది ప్రాణం. బిస్కెట్‌లో వెన్న ముక్కలు ముక్కలుగానే మిగలాలి. ఓవెన్ వేడికి ఆ ముక్కలోని నీరు ఆవిరై పైనున్న పిండిని లేపుతుంది, అక్కడ ఒక పొర పడుతుంది. నేనైతే ‘చిదమడం’ అంటాను. మొగ్గను చిదిమినట్టు రెండు వేళ్ళ కొసలతో ముక్కని ఒక్కసారి నొక్కి వదిలేయడం. బఠాణీ గింజంత, అక్కడక్కడా రేకుల్లా కనిపిస్తూ ఉండాలి. వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి, విజయవాడ ఎండల్లో అయితే పిండిని కూడా ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది.

—

పేరు కూడా మారిస్తే బాగుంటుందేమో. పొంగురొట్టె అనొచ్చా?

—

పేరు మార్చడం నాకిష్టం లేదండీ. లాటిన్ మూలంలో బిస్కెట్ అంటే రెండుసార్లు కాల్చినది, ఆ లెక్కన చూస్తే మన రస్కుకే ఆ పేరు సరిపోవాలి. ఇక్కడే బేకింగ్ పౌడర్ రాకముందు పిండిని రోకలి లాంటి కర్రతో అరగంటకు పైగా బాది చేసే బిస్కెట్ ఒకటుండేది, అది బల్లపరుపుగా గట్టిగా వచ్చేది. ఆ బాదే పని చాలా ఇళ్ళలో బానిసలుగా ఉన్న నల్లజాతి స్త్రీల మీదే పడేది. బాదినదీ బిస్కెట్టే, చెయ్యి తగిలీ తగలకుండా చేసినదీ బిస్కెట్టే. పేరు అలా ఉండనివ్వండి, క్రియలు మాత్రం సరిగ్గా రాద్దాం.

మీ అందరి మాటలూ పెట్టి చెల్లికి తిరగరాసి పంపింది ఇది:

‘రెండు కప్పుల మైదాలో ఒక టేబుల్ స్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ వంటసోడా, ముప్పావు టీస్పూన్ ఉప్పు. 85 గ్రాముల గట్టి వెన్న ముక్కలు వేసి వేలి కొసలతో చిదమాలి. ముప్పావు కప్పు పుల్లపెరుగు పోసి గరిటెతో దగ్గరకు తియ్యాలి, పిసకొద్దు. గరుగ్గా, అక్కడక్కడా పొడిగా ఉన్నా కంగారుపడొద్దు. బల్ల మీద అంగుళం మందాన తట్టి, మడత కాజాకి మడిచినట్టు మడిచి మళ్ళీ తట్టాలి, ఇలా మూడుసార్లు. గ్లాసు బోర్లించి తిన్నగా కిందికి నొక్కాలి, తిప్పొద్దు, తిప్పితే అంచులు అతుక్కుని పొంగవు. ఒకదానికొకటి ఆనేలా పేర్చి 230 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు.’

నిన్న ఫొటో పంపింది. ఒకటి కొంచెం పక్కకు ఒరిగింది, మిగతావి నిటారుగానే లేచాయి. నడుం దగ్గర సన్నటి గీతలా చీలి ఉంది, అమ్మ అక్కడ బొటనవేళ్ళు పెట్టి విప్పిందట. జామ్ లేక మాగాయ పెట్టుకుని తిన్నారు.