అక్క పింక్ సైకిల్ తమ్ముడు తొక్కకూడదా?

కావలి అమ్మ:
మా పాపకు పదేళ్లొచ్చాయి, సైకిల్ పొట్టిదైపోయింది. పింక్ రంగు, హ్యాండిల్‌కి కుచ్చులు. ఆరేళ్ల బాబు అదే కావాలంటాడు. మా ఆయనేమో ఆడపిల్లల సైకిల్ వాడికెందుకు, కొత్తది కొందాం అంటారు. ట్రంకు రోడ్డులో షాపుకెళ్తే మొదటి మాటే ‘బాబుకా, పాపకా?’ పిల్లాడి ఎత్తు ఎంతని అడగలేదు.

ఒంగోలు నాన్న:
షాపాయన తప్పేముందమ్మా? పింక్ ఆడపిల్లలది, బ్లూ మగపిల్లలది. ఇది పుట్టుకతో వచ్చేదే. మా పాప బొమ్మకు చీర కడుతుంది, మావాడు జేసీబీతో ఇసుక తోడతాడు. ఎవరూ నేర్పలేదు.

కందుకూరు మాస్టారు:
పుట్టుకతో రాలేదు నాయనా. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి మగపిల్లలకు పింక్, ఆడపిల్లలకు నీలం అని రాసింది. పింక్ గట్టి రంగట, నీలం సున్నితమట! తర్వాత అదే తిరగబడింది.

ఒంగోలు నాన్న:
అమెరికా గొడవ మనకెందుకు మాస్టారూ?

కందుకూరు మాస్టారు:
సరే, మన పెళ్లే చూడు. మధుపర్కాలు ఇద్దరికీ తెలుపే కదా.

నెల్లూరు కుర్రోడు:
జేసీబీ ఎవరు కొనిచ్చారన్నా?

ఒంగోలు నాన్న:
వాళ్ల మేనమామ. నేను కొనలేదు.

ఉదయగిరి అమ్మాయి:
మరి పాపకెందుకు కొనలేదు ఆ మేనమామ? మా ఊళ్లో చెక్క గరిటెలు చెక్కేది ఎక్కువగా ఆడవాళ్లే. మా పిన్ని అరచేతులు ముట్టుకుంటే గరుకు, అన్నీ కాయలే. అయినా ఇంట్లో సుత్తి, ఉలి బొమ్మలు తమ్ముడికి, లక్కపిడతలు నాకు. ఇప్పటికీ మా ఇంట్లో ఫ్యూజు పోతే నన్ను పక్కకు జరగమంటారు.

ఒంగోలు నాన్న:
మీ తమ్ముడి మీద కోపం నా మీద చూపిస్తే ఎలా? మాటలు చెప్పడం తేలికే. పోయినేడు మావాడు అక్క పింక్ బాక్స్ తీసుకెళ్లాడు. బస్సులో ‘ఆడంగి’ అని ఏడిపించారు. మూడు రోజులు బాక్స్ తెరవకుండానే ఇంటికి తెచ్చాడు. మూడో రోజు మూత తీస్తే పులిహోర పాచి వాసన. ఏంట్రా అంటే గోడవైపు తిరిగి ఏడ్చాడు. మీ పిల్లలకు జరిగితే తెలుస్తుంది. ఆ రాత్రే బ్లూ బాక్స్ కొన్నా.

కావలి అమ్మ:
చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది అన్నా. కానీ ‘ఆడ’ అన్న మాట తిట్టు ఎలా అయింది? బాక్స్ మార్చి, అది తిట్టేనని మీరూ ఒప్పుకున్నారు. అప్పుడు మీ పాప ఇంట్లోనే ఉంది కదా?

ఒంగోలు నాన్న:
ఉంది. దాని గురించి ఆలోచించలేదు. అయినా సోమవారం బస్సెక్కేది మావాడు. బస్సులో ఉన్న నలభై మందికీ నేను బుద్ధి చెప్పేదాకా వాడు ఆకలితో కూర్చోవాలా?

కావలి అమ్మ:
దీనికి నా దగ్గర జవాబు లేదు. మా బాబు ఇప్పుడే సైకిల్ మెట్లు దించుకుని వీధిలోకి పోయాడు. కుచ్చులు తీసెయ్యనా అంటే వద్దన్నాడు. గేటు దగ్గరే నిలబడి ఉన్నా.