దార్‌లో 40 లక్షలా, నైరోబీలో 2 లక్షలా?

అన్నలూ, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఒక కంపెనీ నెలకు 40 లక్షల షిల్లింగులు ఇస్తానంటోంది, కెన్యాలోని నైరోబీలో ఇంకోటి 2 లక్షలే అంటోంది. రెండూ షిల్లింగులేగా, దార్‌కే సరే అనేయనా?

—

ఆగు తమ్ముడూ! పేరొక్కటే, డబ్బు వేరు. ఒక కెన్యా షిల్లింగుకు టాంజానియావి ఇరవై దాకా వస్తాయి, అంటే నీ రెండు ఆఫర్లూ ఇంచుమించు ఒకటే, మన రూపాయల్లో లక్షా ముప్పై, నలభై వేల దగ్గర. 1966లో పాత తూర్పు ఆఫ్రికా షిల్లింగు పోయి ఎవరిది వాళ్లు అచ్చేసుకున్నప్పుడు రెండూ సమానమే, తర్వాత టాంజానియాది దిగుతూ వచ్చింది. అక్కడ పెద్ద నోటు 10,000, అది ఇంచుమించు కెన్యా 500తో సమానం. నైరోబీ నుంచి దార్ వెళ్లిన కొత్తలో టీకి వెయ్యి అడిగితే నాకు గుండె జారిపోయింది, లెక్కేస్తే ముప్పై అయిదు రూపాయలు.

లక్షను స్వాహిలీలో కూడా ‘లాకీ’ అనే అంటారు, మన దేశం నుంచి వెళ్లిన మాటే. కానీ ఆఫర్ లెటర్‌లో మిలియన్లు రాస్తారు, సంతకం పెట్టే ముందు సున్నాలు వేలు పెట్టి లెక్కపెట్టుకో.

అంకె సంగతి వదిలెయ్, రేటు ఎంత ఊగుతుందో చూడు. కెన్యాది గట్టిదనుకుని మురిసిపోకు, 2024 జనవరిలో డాలరుకు 160 దాటింది, మార్చి ఆఖరుకల్లా మళ్లీ 130 దగ్గరికొచ్చింది. నేను సరిగ్గా ఆ జనవరిలోనే ఇంటికి లక్ష షిల్లింగులు పంపి, రెండు నెలలు ఆగుంటే వచ్చే పదకొండు వేల రూపాయలు పోగొట్టుకున్నాను. ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతుంది.

—

అన్నయ్య చెప్పినదానికి ఇంకో రెండు ముక్కలు. దార్‌లో ఇంటాయన అద్దె డాలర్లలో అడిగితే ఒప్పుకోకు, 2025 మార్చి నుంచి దేశం లోపల ధరలు, చెల్లింపులు విదేశీ కరెన్సీలో ఉండకూడదని రూల్ పెట్టారు. కెన్యాలో పాత వెయ్యి నోటు 2019లోనే రద్దయింది, ఎవరైనా అంటగడితే తీసుకోకు. ఫోన్‌లోనే డబ్బు పంపుకునే ఎం-పెసా రెండు చోట్లా ఉంది, ఆ టెన్షన్ లేదు.

ఇంతకీ ఇంటి అద్దె కంపెనీ ఇస్తుందా, నువ్వే కట్టుకోవాలా? అది చెప్పకుండా ఏది మేలో మేమెలా చెప్తాం?